చిన్నకోడలికి అది ఎక్కణ్ణుంచి వచ్చింది

చిలక ఆలస్యంగా వచ్చిన రోజున చిన్నకోడలి నోట ఒక్క మాటా సరిగ్గా పలకలేదు.

చిలక అంటే ఆ సీరియల్‌కి ప్రాంప్టింగ్ చెప్పే అమ్మాయి. కెమెరా పక్కన నిలబడి కాగితాలు చూసి డైలాగు అందిస్తుంది, నటులు అందుకుని పలుకుతారు. పొద్దున్నించి సాయంత్రం దాకా సీను మీద సీను తీసేచోట బట్టీ పట్టే తీరిక ఎవరికుంటుంది? సెట్లో ఎంత గోలగా ఉన్నా ఫరవాలేదు. తర్వాత ఎక్కడో ఓ చిన్న గదిలో కూర్చుని వేరేవాళ్ళు గొంతులు అతికిస్తారు. చిన్నకోడలి గొంతు కూడా ఆమెది కాదు. ఆ గొంతుగల మనిషిని ఆమె ఇంతవరకూ చూడనైనా లేదు.

చిన్నకోడలు అనేది ఆమె వేసే వేషం. సెట్లో డ్రైవరు మొదలు డైరెక్టరు దాకా అలాగే పిలుస్తారు. కూరగాయల కొట్టతనూ అలాగే పిలుస్తాడు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఇంకెవరినో అనుకునేదాకా వచ్చింది.

ఆ పొద్దున చిలక లేదు కాబట్టి అసిస్టెంటు మీసాలాయన కాగితాలు పుచ్చుకున్నాడు. పుచ్చుకుని ఆమెకి ఎడమవైపు వచ్చి నిలబడ్డాడు.

"అత్తయ్యా, ఆ తలుపు తియ్యకండి" అన్నాడాయన.

ఆమెకి ఏదో గొణుగుడు వినబడింది, అదీ నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు. డైరెక్టరు వేళ్ళు విదిలిస్తున్నాడు, కానివ్వమని.

"అత్తయ్యా, ఆ పులుపు తినకండి" అంది ఆమె, కళ్ళు పెద్దవి చేసి, గొప్ప భయంతో.

సెట్టంతా గొల్లుమంది. అత్తగారి వేషం వేసే ఆవిడ నవ్వాపుకోలేక సోఫా చెయ్యి పట్టుకుంది. డైరెక్టరు ఒక్కడే నవ్వలేదు. "కథలో జరగబోయేవన్నీ కనబడతాయి కానీ పక్కన చెప్పేది వినబడదు. మంచి చిన్నకోడలు దొరికింది నాకు" అన్నాడు. ఆమె కూడా అందరితోపాటు నవ్వింది. వినబడకపోవడాన్ని నవ్వంత తేలిగ్గా కప్పేది ఇంకోటి లేదని ఆమె కనిపెట్టి చాలాకాలమైంది.

ఇంకో రెండుసార్లు తప్పాక చిలక వచ్చింది, హెల్మెట్ చంకలో పెట్టుకుని, వగరుస్తూ. మీసాలాయన చేతిలోంచి కాగితాలు లాక్కుంది. ఒక్క ముక్క మాట్లాడకుండా ఆమె వెనకనుంచి చుట్టి వచ్చి కుడివైపు నిలబడింది. ఆ తర్వాత సీను నీళ్ళలా సాగింది. చిలక ఎప్పుడూ కుడివైపే నిలబడుతుంది. ఎందుకని ఆమె చెప్పలేదు, ఎందుకని చిలకా అడగలేదు.

భోజనాలకి ముందు చూపు షాట్ తీశారు. జరగబోయేది చిన్నకోడలికి కనబడే షాట్‌ని సెట్లో అలా అంటారు. పెద్ద ఫ్యాను తెచ్చి జుట్టు ఎగిరేట్టు పెడతారు, లైటుకి నీలం కాగితం చుడతారు. ఆమె ఏదో మామూలు పనిలో, అంటే బట్టలు మడతపెట్టడమో, కూర తరగడమో చేస్తూ ఉండాలి. డైరెక్టరు ఎక్కడినుంచో చిటిక వేస్తాడు. ఆమె చటుక్కున కుడికి తిరుగుతుంది. అక్కడెవరూ ఉండరు. అప్పుడు కళ్ళు గది నాలుగు మూలలా వెతుక్కుంటూ, నెమ్మదిగా ఎడమకి వస్తాయి. అంతే. ఆ వెతుకులాటకే జనం పడి చచ్చిపోతున్నారు.

"ఇది నేను నేర్పింది కాదు సుమా" అన్నాడు డైరెక్టరు, వరండాలో బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక. "ఆ మధ్య జ్వరమొచ్చి వారం రాలేదు చూడు, తిరిగొచ్చాక ఎడిటింగులో చూస్తే ఈ పిల్ల చూపే మారిపోయింది. పిలిస్తే ఎటో చూసి ఇటు తిరుగుతుంది. మొదట చిరాకేసింది. రెండోసారి చూస్తే ఒళ్ళు జలదరించింది. రైటరుగారిని పిలిచి, ఈ అమ్మాయికి ఏదో కనబడుతోందండీ, కథలో పెట్టండన్నాను. చచ్చిపోతున్న సీరియల్ లేచి కూర్చుంది."

"జ్వరం మేలు చేసిందన్నమాట" అన్నాడు ఆమె భర్త, అందరికీ టీ పోస్తూ.

అతన్ని సెట్లో బావగారంటారు. రోజూ ఆమెని దింపడానికి వచ్చి సాయంత్రం దాకా ఉండిపోతాడు. లైట్లవాళ్ళ పిల్లల చదువులు అడుగుతాడు, మేకప్ మనిషికి నడుం నొప్పయితే మందు తెచ్చిపెడతాడు. ఆమె డేట్లు అతనే చూస్తాడు, ఆమె ఫోను అతని జేబులోనే ఉంటుంది. 'అలాంటి మొగుడు దొరకడం అదృష్టమమ్మా' అని ఆమెతో అననివాళ్ళు ఆ సెట్లో లేరు.

రచయిత ఫోను తీసి జనం రాసినవి చదవడం మొదలుపెట్టాడు. చిన్నకోడలికి ఆ శక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందనేది కథలో ఇంకా చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఆయనకీ తెలియకపోవడమే. ఈలోగా జనం తలా ఒకటి అల్లేశారు. మెడలో లాకెట్టులోంచి వస్తోందని ఒకరు. అసలు చిన్నకోడలు ఎప్పుడో పోయింది, ఈమె కవల చెల్లెలని ఒకరు. చిన్నప్పుడు పిడుగు పడిందని, మేడమీద తాళం వేసిన గదిలో ఎవరో ఉండి చెబుతున్నారని, ఇలా పుంఖానుపుంఖాలుగా. ఒకాయన మాత్రం శక్తీ లేదు, తాడూ బొంగరం లేదు, పనిమనిషి ముందే వచ్చి అన్నీ చెప్పేస్తోందన్నాడు. దానికి బల్ల చుట్టూ చప్పట్లు కొట్టారు.

"ఇదొకటి వినండి" అన్నాడు రచయిత. "కుట్టుమెషిన్ అని పేరు పెట్టుకుంది ఒకావిడ. పాత భాగాలన్నీ పక్కపక్కన పెట్టి చూసిందట. మొదట్లో చిన్నకోడల్ని వెనకనుంచి ఎవరు పిలిచినా సరిగ్గా అటే తిరిగేది. మధ్యలో వారం కనబడలేదు. తిరిగొచ్చాక ఎవరు ఎటునుంచి పిలిచినా ముందు కుడికే తిరుగుతుంది. ఇది శక్తి కాదు, ఈమెకి ఎడమ చెవి పోయింది అంటోంది. ఒక చెవే పనిచేస్తే చప్పుడు ఎటునుంచి వచ్చిందో తెలియదట. అందుకే అలా వెతుక్కుంటుందట. చెవి ఊరికే పోదు, ఆ ఇంట్లో ఎవరో కొట్టారు. వినబడదు కాబట్టి అన్నీ కళ్ళతో కనిపెట్టుకోవడం నేర్చుకుంది, దాన్నే మీరు దివ్యదృష్టి అంటున్నారు. ఇదీ ఆవిడ చెప్పేది."

ఎవరూ వెంటనే నవ్వలేదు.

భర్త నారింజపండు ఒలుస్తున్నాడు. తొనమీద తెల్ల పీచు ఒక్కొక్కటే లాగుతున్న వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి. "జనానికి పనీపాటా లేదు" అన్నాడు నవ్వుతూ.

"కాదు బావగారూ, ఇది బాగుంది. ఛానల్‌వాళ్ళకి తెగ నచ్చేసింది. ఇదే పెట్టమంటున్నారు. మొగుడు చెంపమీద కొట్టిన సీను ఒకటి, తర్వాత డాక్టరు దగ్గర సీను ఒకటి."

భర్త పీచంతా తీసిన తొన ఒకటి ఆమె ముందుకి చాపాడు. "తిను" అన్నాడు.

ఆమె తిన్నది. 

*

కారు వీధి మలుపు తిరిగాక భర్త అడిగాడు.

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదండీ."

"మరి దానికెలా తెలిసింది?"

"చూసి కనిపెట్టి ఉంటుంది."

"చూస్తే తెలుస్తుందా? పక్కనే ఉన్న నాకు తెలియనిది, ఎక్కడో కూర్చుని బట్టలు కుట్టుకునేదానికి తెలిసిపోయిందా?" అతను గొంతు పెంచలేదు. అతను గొంతు పెంచడు. "నీకు వినబడుతుంది. వినదలుచుకోవు, అంతే తేడా."

ఆమె వీధిలోకి చూస్తూ కూర్చుంది. షాపుల ముందు షట్టర్లు దించుతున్నారు. చెవిపోగు తడుముకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అలా తడుముకుంటే అతనికి కోపం.

ఇంటికి రాగానే అతను గేటుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అది రోజూ చేసేదే. ఆమె చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. బయట ఆమె ఎవరైనా కావచ్చు కానీ ఆ ఇంట్లో ఆమె అంతా కళ్ళే. అతను ఏ గదిలో ఉన్నాడో చప్పుడునిబట్టి తెలియదు. వంటింట్లోంచి దగ్గాడో వెనక వరండాలోంచి దగ్గాడో ఆమెకి ఒకటే. అందుకని తలుపు కింద వెలుగు చూస్తుంది. నేలమీద నీడ చూస్తుంది. గ్లాసులో నీళ్ళు వణికితే మెట్లమీద ఉన్నాడని లెక్క. ఎప్పుడూ గోడకి వీపు ఆనించి నిలబడుతుంది. కూర తరిగేటప్పుడు కూడా గుమ్మానికి ఎదురుగా తిరిగే తరుగుతుంది.

ఆమె అసలు అత్తగారు మంచంమీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పడుకుని ఉంది. కంటికి ఆపరేషనైంది. టీవీ చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అసలే ఆవిడకి ఆ సీరియలంటే ప్రాణం. ఇంట్లో ఉన్న కోడలికంటే టీవీలో చిన్నకోడలి మంచిచెడ్డలే ఎక్కువ పట్టించుకుంటుంది. చూడలేక ఇప్పుడు వింటోంది, అది చాలక జనం రాసినవన్నీ కోడలిచేత చదివించుకుంటోంది. ఆ కాస్సేపు మాత్రం కోడలి చేతికి ఒక ఫోను వస్తుంది, అదీ అత్తగారిది.

"వచ్చావా? ముందు చుక్కలు వెయ్యి. తర్వాత చదువు."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి అత్తగారి తల వెనక్కి వంచింది. కింది రెప్ప వేలితో లాగి చుక్క వదిలింది. మందు కణతమీదుగా జారితే పైటతో అద్దింది. ఆవిడ చిన్నపిల్లలా నోరు తెరుచుకుని పడుకుంది.

"నన్నడిగితే" అంది అత్తగారు, "ఆ పిల్లకి ఆ శక్తి అత్తగారి మంచితనంవల్ల వచ్చింది. కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది కదా, ఆ పుణ్యం ఊరికే పోతుందా? ఇది ఎవరూ రాయలేదా?"

"లేదత్తయ్యా. మీరే రాయాలి."

"నేను చెబుతా, నువ్వు రాద్దువుగాని. ముందు కొత్తవి ఏమొచ్చాయో చూడు."

ఆమె పిడుగుది చదివింది. పనిమనిషిది చదివింది. అత్తగారు కిలకిలా నవ్వింది. దాని కిందే కుట్టుమెషిన్ ఉంది. ఆమె దాటెయ్యబోయింది, కానీ వేలు కదల్లేదు. రచయిత చదివిందంతా ఉంది. ఆయన చదవనివి కింద ఇంకో నాలుగు వరుసలున్నాయి.

ఆమె పైకే చదివింది. కొట్టారన్నచోట గొంతు మారకుండా, వార్తలు చదివినట్టు చదివింది. ఆ చివరి వరుసలూ చదివింది: "ఇదంతా నేను తెలివితో కనిపెట్టలేదు. నాకూ ఎడమ చెవి లేదు. నేనూ అలాగే తిరుగుతాను. చిన్నకోడలు వేషం వేసే అమ్మా, నువ్వు నటించడం లేదని నాకు తెలుసు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అత్తగారి చెయ్యి దుప్పటి అంచు వెతికి పట్టుకుంది. నల్లద్దాల వెనక కళ్ళు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో తెలియదు. ఆమె ఆ ముఖంకేసే చూస్తూ కూర్చుంది.

"ఇంకోటి చదువు" అంది అత్తగారు.

*

మర్నాడు సెట్లో భర్త డైరెక్టరు భుజంమీద చెయ్యి వేసి తోటలోకి తీసుకెళ్ళాడు. ఆమె మేకప్ అద్దంలోంచి చూస్తోంది. అతను తల వంచి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా మాట్లాడుతున్నాడు. డైరెక్టరు మొదట తల అడ్డంగా ఊపాడు. తర్వాత గడ్డం గోక్కున్నాడు. తర్వాత నవ్వాడు. మాటలు వినబడక్కర్లేదు. కథ ఎటు నడుస్తోందో ఆ గడ్డం దగ్గరే ఆమెకి తెలిసిపోయింది.

మధ్యాహ్నానికి రచయిత కొత్త కాగితాలు తెచ్చాడు.

"బావగారు చెప్పిందీ నిజమే" అన్నాడు ఆమెతో, కాస్త మొహమాటంగా. "ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది. చిన్నకోడలి మొగుడు మంచివాడని జనం ఇన్నాళ్ళు నమ్మారు, ఉన్నట్టుండి కొట్టాడంటే తట్టుకోలేరు. చెవి ఉంచాం, కొట్టడం తీసేశాం. బాత్రూంలో జారిపడింది. అది కూడా బావగారి ఐడియాయే. ఆయన రైటరయి ఉంటే నాకు పని ఉండేది కాదు."

ఆమె కాగితం అందుకుంది. డాక్టరు: ఎలా తగిలిందమ్మా? చిన్నకోడలు: బాత్రూంలో కాలు జారి పడ్డానండీ. డాక్టరు: సరే, మందు రాస్తాను. అంతే సీను.

కాగితం ఒళ్ళో పెట్టుకుని అంచు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. రేపు ఆ మాట మార్చి వేరేది అంటే? అన్నా ఏమవుతుంది? పెదవులు ఎలా కదిలినా పైన గొంతు ఇంకొకరిది. "కొట్టారు" అని ఆమె అంటే, "జారాను" అని ఆ చిన్న గదిలో కూర్చున్న మనిషి అంటుంది. రేపు సెలవు పెడదామన్నా డేట్లు చూసేది అతనే. అద్దంలో వెనకగా భర్త కనిపించాడు. మేకప్ మనిషితో ఏదో జోకు చెబుతున్నాడు. ఆవిడ పౌడరు పఫ్ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"కాస్త నీళ్ళు తాగండక్కా" అంది చిలక, కుడివైపునుంచి.

*

హాస్పిటలంటే షూటింగు జరిగే బంగళా వెనకగది. ఆకుపచ్చ తెర కట్టి, బల్ల వేసి, దానిమీద ఒక స్టెతస్కోపు పడేశారు. డాక్టరు వేషం పెద్దాయనది. జడ్జి కావాలన్నా డాక్టరు కావాలన్నా ఆయన్నే పిలుస్తారు. కోటు మారుస్తాడు, ముఖం మార్చడు. షాటుకీ షాటుకీ మధ్య కూర్చునే కునుకు తీస్తాడు.

భర్త మానిటరు వెనక కుర్చీలో కూర్చున్నాడు. చిలక కుడివైపు వచ్చి నిలబడింది. డైరెక్టరు యాక్షనన్నాడు.

"ఎలా తగిలిందమ్మా?" అన్నాడు పెద్దాయన.

చిలక నోరు తెరిచింది. "బా" అన్న అక్షరం ఇంకా సగం పెదవులమీదే ఉంది.

"బాత్రూంలో కాలు జారిందండీ" అంది ఆమె. "నేలంతా తడి. సబ్బు నీళ్ళు పారబోసి కడగలేదు, తప్పు నాదే. పడేటప్పుడు కుళాయి తగిలింది, ఇదిగో ఇక్కడ. మావారు ఇంట్లో లేరు. ఉంటే పట్టుకునేవారు. నేను తొందరమనిషినండీ. మొదట్నించీ అంతే."

చెబుతూ చిన్నగా నవ్వింది కూడా. ఎక్కడా తడుముకోలేదు. ఊపిరి తీసుకోవలసినచోట తీసుకుంది.

చిలక చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. డాక్టరు డైలాగు అందించడం మర్చిపోయింది. పెద్దాయన దానికోసం ఒక్క క్షణం ఎదురుచూశాడు. తర్వాత ఎందుకో స్టెతస్కోపు తీసి పక్కన పెట్టి, "సరేనమ్మా" అన్నాడు, డాక్టరులా కాకుండా.

"కట్. ఏం చేశావమ్మా" అన్నాడు డైరెక్టరు కుర్చీలోంచి లేచి. "ప్రాంప్టింగే లేకుండా. ఆ సబ్బు నీళ్ళేమిటి, ఆ కుళాయేమిటి. రైటరుగారూ, ఇది మీకు తట్టలేదే? సరే, ఇప్పుడు క్లోజప్పు. అచ్చం ఇవే మాటలు, ఇలాగే."

లైటు జరిపారు. మేకప్ మనిషి వచ్చి నుదురు అద్ది వెళ్ళింది. కెమెరా ముఖం దగ్గరికొచ్చింది.

"నేను చెప్పలేనండీ" అంది ఆమె.

"ఇప్పుడే కదమ్మా చెప్పావు?"

"ఇప్పుడు చెప్పింది రెండోసారి. మొదటిసారి ఇవే మాటలు అసలు డాక్టరుకి, ఆస్పత్రిలో చెప్పాను. మూడోసారి నావల్ల కాదు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. లైట్లతను చేతిలో తీగ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రచయిత తన కాగితాలు తిరగేసి మళ్ళీ తిరగేశాడు, అందులో ఏదో ఉన్నట్టు. ఆమెకి గుండె చప్పుడు ఒక చెవిలోనే వినబడుతోంది.

భర్త లేచి వచ్చాడు. "నీరసం" అన్నాడు అందరితో, చిరునవ్వుతో. "పొద్దుట్నించీ ఏమీ తినలేదు. నేను మాట్లాడతాను, ఒక్క నిమిషం." వచ్చి ఆమె ఎడమ భుజంమీద చెయ్యి వేశాడు. వంగి ఆమెతో ఏదో అన్నాడు. ఊపిరి వెచ్చగా తగిలింది, లవంగం వాసన వచ్చింది. మాట ఒక్కటీ రాలేదు.

అతను ఆ పక్కనుంచి ఏదన్నా చెప్పినప్పుడల్లా ఆమె తల ఊపేది. ఏం చెప్పాడో తెలియకపోయినా ఊపేది. ఊపి, తర్వాత అతని ముఖం చూసి అర్థం చేసుకునేది. ఇప్పుడు ఊపలేదు.

"ఆ చెవి వినబడదండీ" అంది. "గట్టిగా చెప్పండి."

అతను చెయ్యి తియ్యలేదు. వేళ్ళు కొద్దిగా బిగిశాయి. మళ్ళీ ఏదో అన్నాడు, ఇంకా తగ్గి.

"వినబడటం లేదు. అందరికీ వినబడినా ఫరవాలేదు, గట్టిగా చెప్పండి."

అతను చుట్టూ చూశాడు. లైట్లవాళ్ళు చూస్తున్నారు. మేకప్ మనిషి చూస్తోంది. అందరూ అతని టీ తాగినవాళ్ళే. "ఏం లేదు, ఏం లేదు" అన్నాడు. కుడివైపు తిరిగి రాబోయాడు. అక్కడ చిలక ఉంది.

"కాస్త జరుగు చెల్లెమ్మా."

"సీను అవలేదు బావగారూ" అంది చిలక. అక్కణ్ణుంచి కదల్లేదు.

"అదేదో చెప్పవయ్యా" అన్నాడు పెద్దాయన, కుర్చీలోంచే. "అడుగుతోంది కదా, వినబడలేదని."

భర్త నోరు తెరిచాడు. అతని దగ్గర అందరికీ చెప్పగలిగే మాటలు ఎప్పుడూ బోలెడుంటాయి. ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు. ముఖంమీద చిరునవ్వు ఇంకా ఉంది కానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉంది. చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. ఆయనకి సాయంత్రంలోగా సీన్లు పూర్తి కావాలి. "మాట వద్దులేమ్మా. ఊరికే ఇటు చూడు చాలు, ఇందాకటి మాటలు పెద్దాయన ముఖం చూపించేటప్పుడు వినిపిస్తాం. బావగారూ, మీరు కాస్త ఫ్రేములోంచి తప్పుకోండి." ఆమె చూసింది. కెమెరా ఆ చూపు తీసుకుంది. సీరియల్ ఆగలేదు.

బ్రేకు చెప్పగానే భర్త మేనేజరుతో మాట్లాడటానికి ముందు గదిలోకి వెళ్ళాడు. ఆమె చిలకకేసి చూసింది. "నీ బండి ఎటుంది?" అంది.

"వెనక గేటు దగ్గరక్కా."

ఆమె చిన్నకోడలి చీరతోనే, చిన్నకోడలి గాజులతోనే నడిచి వెళ్ళి బండి వెనక కూర్చుంది. ఎవరూ ఆపలేదు. ఎవరూ సాయానికీ రాలేదు. వెనక గేటు వాచ్‌మన్ మాత్రం, "ఎక్కడికమ్మా చిన్నకోడలూ, షూటింగే?" అని అడిగి, తనే గేటు తీశాడు.

*

చిలక గది మేడమీద. ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఉంటుంది. మూడు పరుపులు, ఒక కిటికీ, దండెంమీద తడిబట్టలు. వాళ్ళిద్దరూ ఆమెని చూసి కంగారుపడి, ఉన్న ఒక్క కుర్చీ ఖాళీచేసి ఇచ్చి, ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళారు. ఆమె కుర్చీని గోడదాకా జరుపుకుని, గుమ్మానికి ఎదురుగా కూర్చుంది.

చిలక ఫోను మోగుతూనే ఉంది. బావగారు చేస్తే తియ్యలేదు. కాస్ట్యూమ్ అతను చేస్తే తీసింది. అతని బాధ అతనిది, రేపటి సీన్లో కూడా అదే చీరట, నలగనివ్వొద్దట. చిలకా ఆమే ఒకరి ముఖాలొకరు చూసుకుని నవ్వారు. తర్వాత మేనేజరు చేశాడు. ఒప్పందంమీద సంతకాలన్నీ బావగారివి, ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోవాలి, రేపు రాకపోతే బాగుండదు, వస్తే మాత్రం బావగారు గేటు దగ్గరే ఉంటారు, కూర్చుని మాట్లాడుకుంటే సర్దుకుంటుంది, అన్నాడు. చిలక అన్నిటికీ 'సరేనండీ' అని పెట్టేసింది.

"ఏం చేద్దామక్కా?"

ఆమెకి తెలియలేదు. కింద వీధిలో సీరియల్ పాట వినబడుతోంది, ఏ ఇంట్లోంచో తెలియదు. ఏ ఇంట్లోంచయినా కావచ్చు. అత్తగారికి చుక్కలు వేసే వేళ.

"ఒకసారి ఫోనివ్వు" అంది. అత్తగారి నంబరు ఆమెకి నోటికొచ్చు.

"ఎవరూ?" అంది అత్తగారి గొంతు. వెనకాల టీవీ నడుస్తోంది.

"నేనే అత్తయ్యా. చుక్కల మందు ఫ్రిజ్ తలుపులో ఉంది, పైఅరలో. చిన్న సీసా. చేతులు కడుక్కుని వేసుకోండి."

 ఆవిడ తప్పించుకుందామన్నట్టు, "ఇవాళ డాక్టరు దగ్గరకి వెళ్ళే సీను తీశారటగా" అంది. "ఇంతకీ ఆ పిల్లకి అది ఎక్కణ్ణుంచి వచ్చిందని తేల్చారు?"

"బాత్రూంలో జారిపడిందని."

"ఓహో."

"మీకు తెలుసు కదా అత్తయ్యా. అప్పుడు మీరు పక్క గదిలోనే ఉన్నారు."

ఆమె ఫోను కుడిచెవికి గట్టిగా అదుముకుంది. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. ఆ ఏడుపు వెనక అత్తగారి ఊపిరి వినబడుతోంది. ఆవిడ తిడుతుందనుకుంది. లేకపోతే ఎప్పుడూ అనేటట్టు, తొందరగా ఇంటికి రా, వాడు ఎదురుచూస్తున్నాడు అంటుందనుకుంది.

"వాడు ఇంట్లోనే ఉన్నాడు" అంది అత్తగారు. గొంతు బాగా తగ్గించింది. "ఇవాళ రాకు."

"అత్తయ్యా?"

"రేపు కూడా రాకు. చుక్కలు నేను వేసుకుంటాలే."

అంతలో అవతల తలుపు చప్పుడైంది. అత్తగారి గొంతు ఒక్కసారి పెద్దదైంది. "ఎవరోరా, రాంగ్ నంబరట. ఈ వేళప్పుడు ఒకటే పీకుతున్నారు." ఫోను పెట్టేసింది.

ఆమె ఫోను చిలకకి తిరిగిచ్చింది.

"ఏమన్నారక్కా?" అంది చిలక.

"రావద్దన్నారు" అంది ఆమె. లేచి, చీర పిన్నులు ఒక్కొక్కటీ తీసి కిటికీ గూట్లో పెట్టింది. "నీ చీరేదైనా ఉంటే ఇవ్వు. ఇది రేపు ఎవరితోనైనా పంపించేద్దాం."

చిలక దండెం దగ్గరకి వెళ్ళి, ఆరినదేదో చేత్తో తడిమి చూసి, ఒక పాత నూలుచీర తీసి ఇచ్చింది.